ఫోన్‌లో గడగడ, పుస్తకంలో తడబాటు: ఒక నాలుగో తరగతి పాప కేస్ స్టడీ

ఈ కేసు ఒక నాలుగో తరగతి పాపది. 2023-24 విద్యా సంవత్సరం, సికింద్రాబాద్ అడ్డగుట్ట వైపు ఒక సర్కారు ప్రాథమిక పాఠశాల. పిల్లల చేత గట్టిగా చదివించి, విని, తప్పొప్పులు చెప్పే యాప్ ఒకటి వాళ్ళ నాన్న ఫోన్‌లో ఉంది. ఆ యాప్ రిపోర్టు చూస్తే పాప రోజూ చదువుతోంది, నక్షత్రాలు బాగా వస్తున్నాయి, ఒక్కో స్థాయి దాటుకుంటూ పైకి వెళ్తోంది. అదే పాప చేతికి కాగితం మీద అచ్చేసిన రెండో తరగతి స్థాయి కథ ఇస్తే రెండో వాక్యంలోనే ఆగిపోయింది. ఒకే పిల్ల, ఒకే భాష, ఒకే వారం. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో, తెలిశాక మేం ఏం చేశామో, ఎంతవరకు పనిచేసిందో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లోనే ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఇంట్లోకి ఫోన్ వచ్చాక చిన్నపిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటున్నారన్నది నా టాపిక్. ఫీల్డ్‌వర్క్ అని బడికి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకుని వచ్చేయడం నాకు నచ్చదు, కాబట్టి హెడ్మాస్టర్ గారి అనుమతితో చదువులో వెనకబడిన పిల్లల్ని మధ్యాహ్న భోజనం అయ్యాక కూర్చోబెట్టుకుని చదివించే పని కూడా పెట్టుకున్నాను. పాప పేరు, బడి పేరు, యాప్ పేరు రాయడం లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లి సమ్మతి తీసుకున్నాను. సమ్మతి పత్రాన్ని నేనే చదివి వినిపించి, మామూలు మాటల్లో చెప్పాను, ఎందుకంటే అలాంటి పత్రాల్లో ఉండే తెలుగు డిగ్రీ చదివినవాళ్ళకే కొరుకుడు పడదు. పాపను మాత్రం ప్రతిసారీ అడిగేదాన్ని, వద్దంటే ఆ రోజుకి కాగితం తీసేదాన్ని కాదు.

ముందు ఈ పాప బడి జీవితం ఎలా నడిచిందో తెలియాలి. ఒకటో తరగతిలో చేరాల్సింది 2020లో. కరోనా వల్ల ఆ మార్చిలో మూతపడ్డ ప్రాథమిక తరగతులు తెలంగాణలో మళ్ళీ తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. మధ్యలో రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి కానీ అవి మూడో తరగతి నుంచి పైవాళ్ళకే. అంటే అ ఆలు దిద్దాల్సిన ఏడాది బడి తలుపే తెరుచుకోలేదు. రెండో తరగతిలో సగంలో బడికి వచ్చింది, 2022 జనవరిలో ఒమిక్రాన్ అని మళ్ళీ కొన్నాళ్ళు సెలవులు. మూడో తరగతికి వచ్చేసరికి, 2022-23లో, సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలైంది, ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండే పుస్తకాలు వచ్చాయి. అదే 2022లో కనీస చదువూ లెక్కలూ నేర్పడానికి తొలిమెట్టు కార్యక్రమం కూడా వచ్చింది, దానివల్ల ఈ పాపకు కొంత మేలే జరిగిందని నేను అనుకుంటున్నాను, అక్షరాలన్నీ గుర్తుపట్టగలిగిందంటే ఆ పీరియడ్ల వల్లే. నాన్న అడ్డా కూలీ, అమ్మ తార్నాకలో అపార్ట్‌మెంట్లలో పని చేస్తుంది, ఇద్దరూ పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఒకటే స్మార్ట్‌ఫోన్, సాయంత్రం నాన్న వచ్చాకే అది పాప చేతికి వస్తుంది.

తల్లి మొదటిసారి కలిసినప్పుడే సమస్యను ఒక్క ముక్కలో చెప్పేసింది: "ఫోన్ల మంచిగనే చదువుతది మేడం. పుస్తకం ఇస్తెనే నోరు తెరవదు." ఆ మాటను నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. చాలా రిపోర్టుల్లో తల్లిదండ్రుల మాట 'అవగాహన లేకపోవడం' అనే గడిలో పడిపోతుంది. ఇక్కడ మాత్రం సరైన పరిశీలన ఆమెదే.

మొదటి పరీక్ష

పిల్లల చదువును కొలవడానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతినే వాడాను: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, తొందర పెట్టకుండా చదివించాలి. అక్షరాలు దాదాపు అన్నీ చెప్పింది. రెండు మూడు అక్షరాల మాటలు చదివింది. పేరా చదివింది కానీ వాక్యంలా కాదు, ఒక మాట చెప్పడం, ఆగడం, ఇంకో మాట చెప్పడం. కథ దగ్గర నిలిచిపోయింది.

తర్వాత అదే కథను నేను చదివి వినిపించి ప్రశ్నలు అడిగాను. అన్నిటికీ టకటకా చెప్పింది. కథలో ఒక కొంగ చెరువులో ఒంటికాలి మీద నిలబడుతుంది, ఎందుకో కథలో రాయలేదు. "కొంగ ఎందుకు కదల్లేదు?" అంటే "కదిలితె చాపలు ఉరుకుతయ్ గద అక్కా" అంది, అది కూడా తెలియదా అన్నట్టు నా వైపు చూసి. అంటే తెలివికి లోటు లేదు, భాషకు లోటు లేదు, లేని విషయాన్ని ఊహించి పట్టుకోవడం కూడా వచ్చు.

1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన సూత్రం ఒకటి ఉంది, చదివి అర్థం చేసుకోవడం అనేది అక్షరాలను మాటగా విప్పుకోగలగడం, వింటే అర్థం చేసుకోగలగడం, ఈ రెండింటి గుణకారం అని. కూడిక కాదు గుణకారం, కాబట్టి ఒకటి సున్నాకి దగ్గరైతే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాకి దగ్గరే. ఈ పాపలో రెండోది నిండుగా ఉంది, మొదటిది కుంటుతోంది. మరి మొదటిది కుంటుతుంటే యాప్‌లో అన్ని నక్షత్రాలు ఎలా వస్తున్నాయి?

ఫోన్ పక్కన కూర్చుంటే కనబడింది

నాన్నను అడిగి ఫోన్ బడికి తెప్పించాను, ఇంట్లో ఎలా చదువుతుందో అలాగే చదవమని పక్కన ఊరికే కూర్చున్నాను. తెర మీద "కుందేలు పొదలోంచి బయటికి దూకింది" అని ఉంది. కుందేలు తనే చదివింది. పొదలోంచి దగ్గర నోరు కదలకముందే వేలు వెళ్ళి ఆ మాట మీద పడింది, నొక్కితే ఫోన్ ఆ మాట పలుకుతుంది, పాప వెంటనే అదే పలికింది, మాట ఆకుపచ్చగా మారింది. బయటికి తనే చదివింది. దూకింది తనే. ఇలా రెండు పేజీలు చూశాక వరస తెలిసిపోయింది: వత్తు ఉన్న మాట, సున్నా కలుపుకుని నాలుగు అక్షరాలు దాటిన మాట, ఇవి వస్తే కన్ను ఆగకముందే వేలు వెళ్తోంది. రెండోసారి అదే కథ చదివేటప్పుడు చూపు తెర మీద కూడా లేదు, వాక్యం మొత్తం నోటికి వచ్చేసింది, ఫోన్ విని శభాష్ అంది.

ఇందులో పాప చేసిన మోసం ఏమీ లేదని గట్టిగా చెప్పాలి. నొక్కితే చెబుతానని యాప్ అంది, పాప నొక్కింది. విన్నది విన్నట్టు తిరిగి చెప్పడం కూడా ఒక శక్తే. కానీ యాప్ దాన్ని చదవడం కింద లెక్కేసింది. నాకు కనిపించిన రిపోర్టులో ఎన్ని నిమిషాలు, ఎన్ని మాటలు, ఎన్ని నక్షత్రాలు ఉన్నాయి, ఏ మాట తను చదివిందో, ఏ మాట విని చెప్పిందో అన్న తేడా మాత్రం ఎక్కడా లేదు.

తెర వల్లే ఇదంతా అని అనేయడం సులువు, కాబట్టి అది కూడా చూశాను. యాప్‌లో ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, వట్టి బొమ్మగా తెర మీద చూపించి చదవమన్నాను. కాగితం మీద ఆగిన చోటే ఇక్కడా ఆగింది. కాగితం మేలా తెర మేలా అన్న చర్చ పరిశోధనలో పెద్దదే, 2018లో డెల్గాడో, ఇంకొందరు కలిసి 54 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే సమాచారం ఇచ్చే పాఠాలకు కాగితమే కొంత మెరుగని, కథల్లో ఆ తేడా కనబడలేదని తేలింది. ఈ పాప విషయంలో ఆ చర్చకు పనిలేదు. తేడా పడింది మాట నొక్కితే పలికే ఆ ఒక్క సౌకర్యం దగ్గర.

దీనికి పూర్తిగా ఉల్టా ఉన్న సంగతి కూడా అదే రోజు బయటపడింది, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. తెర మీద "తాత చెరువు గట్టుకు వెళ్ళాడు" అని ఉంది. పాప ఏ మాటా నొక్కకుండా, ఆగకుండా, చక్కగా వాక్యంలా "తాత చెరువు గట్టుకు పోయిండు" అని చదివింది. ఆ రోజంతా తను నిజంగా చదివిన మొట్టమొదటి వాక్యం అది. చివరి మాట ఎర్రబడింది. పాప మొహం చిన్నబోయింది, "తప్పు పడ్డది అక్కా" అని వెనక్కి వెళ్ళి, మాట నొక్కి విని, "వె...ళ్ళా...డు" అని ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆకుపచ్చ అయింది. తర్వాతి వాక్యం నుంచి ప్రతి మాటా నొక్కడమే.

చదవడం మీద పరిశోధన చేసిన కెన్నెత్ గుడ్‌మన్ 1960ల్లోనే చెప్పిన సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. పిల్లలు ఉన్నది కాకుండా వేరే మాట చదివితే, ఆ మాట వాక్యానికి అర్థంలో అతుకుతోందా లేదా అని చూడమన్నాడు. అతికితే, పిల్ల అర్థం పట్టుకునే చదువుతోందన్నమాట. గుడ్‌మన్ దీని మీద కట్టిన పెద్ద సిద్ధాంతాన్ని, అంటే మంచి పాఠకులు సందర్భాన్ని బట్టి ఊహించుకుంటూ పోతారన్నదాన్ని నేను ఒప్పుకోను. బాగా చదివేవాళ్ళు అక్షరాలను పూర్తిగా చూస్తారని, ఊహ మీద ఎక్కువ ఆధారపడేది తడబడే పిల్లలేనని స్టానోవిచ్ వంటి పరిశోధకులు చూపించారు. కాబట్టి "పోయిండు" అన్నది సరైన చదువు అని నేను మార్కు వేయను, పాప ఆ మాటలోని 'వె'ను చూడనేలేదు కదా. వేలు పెట్టి "ఇది ఏం అక్షరం?" అని అడిగితే తనే దిద్దుకుంది కూడా. కానీ దాన్ని "సున్న" అని కూడా వేయను. ఒకే చోట రెండు సంగతులున్నాయి, అర్థం అందింది, అక్షరం తప్పింది, రెండూ విడివిడిగా రాసుకోవాలి. యంత్రానికి రెండు రంగులే ఉన్నాయి. అమ్మానాన్నలు ఇంట్లో మాట్లాడే తెలుగులో అర్థం చేసుకుని చదివినందుకు ఎరుపు, అర్థం వదిలేసి చిలకలా చెప్పినందుకు ఆకుపచ్చ పడితే, ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్ల ఏం నేర్చుకుంటుంది? అర్థం జోలికి పోకుండా ఉండడం నేర్చుకుంటుంది. హైదరాబాద్ బస్తీల్లో బడులకు వెళ్తే చాలామంది పిల్లల నోట పోయిండు, వచ్చిండు, చూస్తుండు అనే వస్తుంది, ఇది ఒక్క పాప గొడవ కాదు.

వత్తుల దగ్గర ఏం జరుగుతోంది

ఇక అక్షరాల సంగతి. పాప ఆగిన మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుంటే నూటికి తొంభై వత్తులవే. అందులోనూ ఒక విచిత్రం ఉంది. అమ్మ, అన్న, అత్త, అయ్య, పిల్ల అన్నీ చదివేస్తుంది. పద్మ అని రాస్తే ఆగిపోతుంది. మొదట నాకూ వింతగానే అనిపించింది, అమ్మలో ఉన్న మ వత్తే కదా పద్మలో ఉన్నది! చూడగా చూడగా అర్థమైంది, అమ్మ అన్న మాటను పాప అక్షరాలుగా చదవడం లేదు, మొత్తం ఒక బొమ్మగా గుర్తుపడుతోంది. మన వత్తుల్లో చ, డ, ద, ప లాంటివి తలకట్టు తీసేసిన అక్షరంలాగే ఉంటాయి, తలకట్టే లేని ట, బ లాంటివి అక్షరంలాగే ఉంటాయి, పిల్లలు పోల్చుకోగలరు. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. దురదృష్టం ఏమిటంటే ఇంట్లో రోజూ పిలుచుకునే మాటలు ఎక్కువగా ఈ రెండో రకం వత్తులతోనే ఉన్నాయి. వాటిని బొమ్మలుగా బట్టీపట్టేస్తే, టీచర్‌కు ఈ వత్తులు వచ్చేశాయన్న భ్రమ కలుగుతుంది.

అంతకన్నా చిక్కు 'స్నేహితుడు' దగ్గర వచ్చింది. పాప "సేన... సేన్‌హి..." అని ఆగింది. ఇది నిర్లక్ష్యం వల్ల వచ్చిన తప్పు కాదు, కంటికి కనబడినదాన్ని కనబడిన వరసలో చదివింది. ఏత్వం స నెత్తిన ఉంది, న కింద వత్తుగా ఉంది. పలకాల్సింది స్, తర్వాత న్, ఆ తర్వాత ఏ. కన్ను చూసే వరస ఒకటి, నోరు పలికే వరస ఒకటి. కంప్యూటర్‌కు ఈ బాధ లేదు, యూనికోడ్‌లో స్నే అంటే స, పొల్లు, న, ఏత్వం అని నాలుగు సంకేతాలు పలికే వరసలోనే దాచుకుంటుంది, తెర మీద గీసేటప్పుడు మాత్రం మనకు అలవాటైన రూపంలో పేరుస్తుంది. పిల్ల ఆ పేర్పును తిరగేసి విప్పుకోవాలి. దీన్ని ఎవరో ఒకరు పక్కన కూర్చుని, వేలు పెట్టి, నిదానంగా విప్పి చూపించాలి. మాట మొత్తాన్ని పలికి వినిపిస్తే ఈ పని ఎప్పటికీ జరగదు.

మనకు దగ్గరి లిపి కన్నడ. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు 2007లో కన్నడ పిల్లల మీద చేసిన అధ్యయనంలో ఇలాంటి లిపిలో అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా కూడా పట్టవచ్చని చూపించారు. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలు, మనకు గుణింతాలు వత్తులు కలిపితే వందల రూపాలు. కాబట్టి నాలుగో తరగతిలో వత్తుల దగ్గర ఆగే పిల్లను "వెనకబడింది" అనే ముందు ఆ పిల్లకు బడి ఎన్నేళ్ళు దొరికిందో చూడాలి. ఈ పాపకు దొరికింది రెండేళ్ళు, అది కూడా సగం ఇంగ్లిష్ పేజీలతో.

చేసిన పని

క్లాస్ టీచర్ సర్వీసులో చాలా సీనియర్. నేను చూసింది చెబితే, "బోర్డు మీద రాస్తే దిక్కులు చూస్తుంది, ఫోన్‌లో ఎలా చదువుతుందో నాకూ అర్థం కాలేదమ్మా" అన్నారు. ఇద్దరం కూర్చుని అనుకున్నాం. పాత శుభలేఖల అట్టలు కత్తిరించి ముక్కలు చేశాం, ఒక ముక్క మీద అక్షరం, ఒక ముక్క మీద వత్తు, ఒక ముక్క మీద గుణింతం గుర్తు. ముందు గట్టు, అప్పు, ముద్ద లాంటివి, అంటే పోలిక ఉన్న వత్తులు. తర్వాత అమ్మను ముక్కలు చేయించి, అదే మ వత్తును తీసుకెళ్ళి ద కింద పెట్టించాం. "గిది అమ్మలదేనా!" అని నవ్వింది. ఆ తర్వాత పద్మ దగ్గర ఆగలేదు. స్నే, స్కూ, ప్రే లాంటివి ఆఖరున, ముక్కలను పలికే వరసలో ఒక్కొక్కటే పెట్టడం, తర్వాత పుస్తకంలో ఉన్నట్టు పేర్చడం.

ఫోన్‌ను పక్కన పడేయలేదు. యాప్‌కు ఒక షరతు పెట్టాం: ముందు కళ్ళతో చూడాలి, నోటితో ప్రయత్నించాలి, అప్పుడు కూడా రాకపోతేనే నొక్కాలి, నొక్కిన మాటను నోట్‌బుక్‌లో రాయాలి. మర్నాడు అట్టముక్కలతో పని ఆ మాటలతోనే. ఈ షరతును పాప అక్షరాలా పాటించిందని నేను చెప్పను, కానీ నోట్‌బుక్‌లో మాటలు మాత్రం రోజూ వచ్చేవి, అవే మాకు కావలసిన డేటా.

అన్నిటికన్నా బాగా పనిచేసింది ఫోన్‌లో ఎప్పటి నుంచో ఉన్న మామూలు వాయిస్ రికార్డర్. ఒక చిన్న పేరా పాప చదువుతుంది, రికార్డు చేస్తాం, అదే పేరా ముందు పెట్టుకుని తన గొంతు తనే వింటూ ఆగిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెడుతుంది, మళ్ళీ చదువుతుంది. ఒకే పాఠాన్ని తడబాటు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ చదివించడం 1979లో శామ్యూల్స్ అనే పరిశోధకుడు రాసిన పద్ధతే, కొత్తేం కాదు. తన గొంతు తను వినడం మేం కలిపింది. "ఈడ ఆగిన అక్కా. ఈడ గూడ" అని చుక్కలు పెడుతుంటే గమనించాను, నేను గుర్తించని చోట్లు కూడా తను పట్టుకుంటోంది. ఎర్ర రంగు పడితే చిన్నబోయిన పిల్ల, తన తప్పు తను పట్టుకున్నప్పుడు చిన్నబోలేదు. చివరి రికార్డింగ్ ఒకటి ఉంచి మిగతావి తీసేసేవాళ్ళం, సాయంత్రం నాన్న అది వినేవాడు. "నాన్న మల్ల మల్ల విన్నడు అక్కా" అని ఒకరోజు చెప్పింది. ఐదో తరగతితో చదువు ఆపేసిన ఆ నాన్నకు యాప్ ఇచ్చే నక్షత్రాల కన్నా ఈ గొంతే ఎక్కువ అర్థమైందని నా నమ్మకం.

చదవడానికి కథలు ఎక్కువగా ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచి తీసుకుని ప్రింట్ తీశాం, ఆ కథలకు ఓపెన్ లైసెన్స్ ఉంది కాబట్టి కాపీలు తీసుకోవడానికి ఇబ్బంది లేదు, స్థాయిలుగా కూడా విడదీసి ఉంటాయి.

ఎంతవరకు వచ్చింది

ఏప్రిల్‌లో బడి మూసే నాటికి, అంతకుముందు చూడని రెండో తరగతి స్థాయి కథను వాక్యాల్లా చదివింది, అడిగిన ప్రశ్నలకు కథలోకి తిరిగి చూసి జవాబు చెప్పింది. మూడో తరగతి పాఠం చదవగలదు, ఇంకా నిదానమే. క్ష, జ్ఞ వస్తే ఇప్పటికీ ఆగుతుంది. ఎదురు పేజీలోని ఇంగ్లిష్ జోలికి మేం అసలు వెళ్ళలేదు, అది ఈ కేసులో పెద్ద ఖాళీ, ఎందుకంటే ఐదో తరగతిలో పాపకు ఎదురయ్యే పరిసరాల విజ్ఞానం పాఠాలన్నీ అటు పేజీలోనే మొదలవుతాయి. పైగా అదే కాలంలో తొలిమెట్టు పీరియడ్లు నడిచాయి, టీచర్ పాప మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టారు, కాబట్టి ఈ మార్పులో ఏది ఎంత పనిచేసిందో ఒక్క పిల్ల కేసుతో విడదీయలేం.

అయినా ఈ ఒక్క కేసు నా పరిశోధన అడగాల్సిన ప్రశ్ననే మార్చింది. 2021 జులై 5న మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టింది. వేగం ముఖ్యమే, మరీ నిదానంగా చదివితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు. కానీ 'రాకపోయేసరికి' అన్నది తెలుగులో ఒక్క మాట, 'వాడు' కూడా ఒక్క మాటే. ఒకే అంకెతో అన్ని భాషలనూ కొలవలేమనే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ 20 భాషల్లో మూడో తరగతి పిల్లలను పరీక్షించి భాష భాషకూ వేరే ప్రమాణం కట్టింది. నేను చూసిన యాప్ మాత్రం మాటలనే లెక్కపెట్టింది, అందులో విని చెప్పిన మాటలు కూడా కలిపి. యాప్ నుంచి డౌన్‌లోడ్ చేసిన డేటాతో గ్రాఫ్ గీస్తే ఈ పాప గీత అందంగా పైకి వెళ్ళేది, ఎవరూ ప్రశ్న వేసేవాళ్ళు కాదు.

టెక్నాలజీ పనికిరాదని నేను అనడం లేదు. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన కార్యక్రమాన్ని 319 బడుల్లో పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదని 2012లో తేలింది. ఢిల్లీలో పిల్లలను కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో చదివించిన ఒక కార్యక్రమం మీద మురళీధరన్, సింగ్, గానిమియన్ అనే పరిశోధకులు చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం పిల్లలు లెక్కల్లోనూ హిందీలోనూ బాగా పుంజుకున్నారు. ఆ రెండో చోట సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లనూ తానున్న స్థాయి నుంచి మొదలుపెట్టింది. అంతే కాదు, రోజూ 90 నిమిషాల్లో సగమే కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపులో ఒక మనిషి దగ్గర. ఢిల్లీ ఫలితాన్ని చెప్పేవాళ్ళు ఈ రెండో సగాన్ని తరచూ వదిలేస్తుంటారు, నాకైతే అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది.

ఇప్పుడు నా థీసిస్‌లో యాప్ రిపోర్టుతో పాటు ప్రతి పిల్లకూ ఒక చేతి షీటు ఉంటుంది. అందులో ఐదు గడులు: పుస్తకంలో ఉన్న మాట, పిల్ల చదివిన మాట, విని చెప్పిందా తనే చదివిందా, అర్థం అతికిందా, ఏ అక్షరం దగ్గర తప్పింది. ఒక పిల్లకు పది నిమిషాల కన్నా పట్టదు. క్లాస్ టీచర్ దీన్ని తన పిల్లలందరికీ వాడడం మొదలుపెట్టారు, పాప షీటును ఐదో తరగతి సార్‌కు ఇచ్చి, క్ష, జ్ఞ, ఇంగ్లిష్ పేజీ అని పైన రాసి పెట్టారు. ఎవరైనా వాడదలిస్తే ఒక్క సూచన, నాలుగో గడి నింపేటప్పుడు పిల్ల ఇంట్లో ఏ తెలుగు మాట్లాడుతుందో ముందే కనుక్కోండి, పోయిండుకూ వెళ్ళాడుకూ మధ్య తేడాను అర్థం తప్పుల లెక్కలో కలపకుండా ఉండడానికి.